మన ‘టైము’ వేరు, ఇంగ్లీషు ‘టైమ్’ వేరు

మా బావమరిది హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముచ్చట జరిగింది. లండన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోన్ ఛార్జింగ్ అయిపోయి లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నాడు. వీణ్ణి చూసి ‘హ్యావ్ యు గాట్ ది టైమ్?’ అని అడిగాడు. వీడు ఎంతో మర్యాదగా ‘ఎస్ సర్, ప్లీజ్ టెల్ మీ’ అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన నవ్వి, మణికట్టు మీద వేలితో తట్టి చూపిస్తే గానీ వీడికి అర్థం కాలేదు. ఆయన అడిగింది గంట ఎంతైందని, తీరిక ఉందా అని కాదు. మధ్యలో ‘ది’ అనే ఆ చిన్న ముక్క లేకపోతే వీడి జవాబు నూటికి నూరుపాళ్ళు సరైనదే.

ఈ సంగతి ఇంట్లో చాలాసార్లు చెప్పుకుని నవ్వుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ చోట నేనున్నా అదే జవాబు చెప్పేవాణ్ణి. ఎందుకంటే ‘టైమ్’ మనకు తెలియని మాట కాదు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా ‘టైమెంతయింది నాయనా?’ అంటుంది. తెలియని మాటయితే డిక్షనరీ తిప్పి చూస్తాం. చిన్నప్పటి నుంచీ ఇంట్లో తిరుగుతున్న మాటను ఎవరు తిప్పి చూస్తారు?

2006లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్ళు తమ దగ్గరున్న భారీ పాఠాల భాండారాన్ని కంప్యూటర్‌తో జల్లెడపట్టి, ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వాడే నామవాచకం ‘టైమ్’ అని తేల్చారు. పర్సన్, ఇయర్, వే, డే దాని తర్వాతే. అంటే ఈ ఒక్క మాటను తప్పుగా పట్టుకుంటే రోజుకు పదిసార్లు తప్పు పడుతుందన్నమాట.

తప్పు ఎక్కడ మొదలవుతుందో చెప్తాను. మనం ఇంగ్లీషు వాళ్ళ ‘టైమ్’ తెచ్చుకుని చివర ఒక ‘ఉ’ తగిలించి ‘టైము’ చేసుకున్నాం. ఆ క్షణం నుంచి అది తెలుగు మాటయిపోయింది. టైముకి, టైములో, టైమైంది, టైమొచ్చింది అంటూ మన విభక్తులు, మన క్రియలు పెట్టుకుని దాన్ని మన ఇంటి మనిషిని చేసుకున్నాం. ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ తెలుగు ‘టైము’నే చివరి ‘ఉ’ తీసేసి తిరిగి ఇచ్చేస్తున్నాం. అది వాళ్ళ దగ్గర ఇన్నాళ్ళూ బతికిన ‘టైమ్’ కాదు.

ఇంగ్లీషు ‘టైమ్’ ఒక్క మాటే అయినా దాని కింద మనకు కనీసం ఎనిమిది తొమ్మిది మాటలున్నాయి: సమయం, కాలం, వేళ, తీరిక, సారి, దఫా, రెట్టు, గడువు, అదను. ‘టైము’ వచ్చాక వీటిలో సగం నోట్లోంచి జారిపోయాయి గానీ బుర్రలోంచి పోలేదు. నా అనుభవంలో పనిచేసిన కిటుకు ఒకటే. ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టే ముందు, నేను చెప్పదలుచుకున్నది ఈ తొమ్మిదింటిలో ఏదో ఒక్క క్షణం చూసుకుంటాను. అది తేలితే ‘ఎ’ పెట్టాలా, ‘ది’ పెట్టాలా, చివర ‘ఎస్’ రావాలా అన్నవి చాలామటుకు వాటంతటవే తేలిపోతాయి.

తీరిక నూనెలాంటిది, అనుభవం లడ్డూలాంటిది

ఇంగ్లీషు ప్రతి నామవాచకాన్నీ ఒక ప్రశ్న అడుగుతుంది: నిన్ను లెక్కపెట్టాలా, కొలవాలా? మన భాషకు ఈ పట్టింపు ఇంతగా లేదు. నీళ్ళు, పాలు కొలిచేవే అయినా ‘నీళ్ళు వచ్చాయి’, ‘పాలు విరిగాయి’ అని బహువచనంలోనే అంటాం, ఎవరికీ ఏమీ అనిపించదు. ఇంగ్లీషు వాడికి అనిపిస్తుంది.

తీరిక అనే అర్థంలో టైమ్ నూనెలాంటిది. ఎంత ఉందని అడుగుతాం గానీ ఎన్ని ఉన్నాయని అడగం. అందుకే దాని ముందు ‘ఎ’ రాదు, చివర ‘ఎస్’ రాదు. ‘ఐ హ్యావ్ నో టైమ్’, ‘వుయ్ హ్యావ్ లిటిల్ టైమ్’, ‘డోంట్ వేస్ట్ టైమ్’. ‘డూ యు హ్యావ్ టైమ్?’ అంటే తీరికుందా అని. పక్కన ‘ది’ చేరిస్తే గడియారంలో ఎంతైందని. లిఫ్టు దగ్గర జరిగింది ఇదే.

అయితే ‘ది’ ఉన్నప్పుడల్లా గడియారమే అనుకోవద్దు. ‘ఐ డోంట్ హ్యావ్ ది టైమ్ టు రీడ్ ఇట్’ అంటే, ఆ పనికి సరిపడా తీరిక నాకు లేదని. వెనకాల ‘టు’ పెట్టి ఒక పని చెప్పారంటే అది గడియారం కాదు.

అదే టైమ్ ఒక అనుభవాన్ని చెప్పేటప్పుడు నూనె కాస్తా లడ్డూ అవుతుంది. మొదలూ చివరా ఉన్న ముక్క, లెక్కపెట్టొచ్చు. అరకు వెళ్ళి హాయిగా గడిపి వస్తే ‘వుయ్ హ్యాడ్ ఎ గుడ్ టైమ్’. ఆ ‘ఎ’ ఎగిరిపోతే వినేవాడికి అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. ‘ఎ లాంగ్ టైమ్’, ‘ఎ హార్డ్ టైమ్’, ‘ఎ డిఫికల్ట్ టైమ్’ ఇవన్నీ అంతే. మనవాళ్ళ ఈమెయిళ్ళలో నేను ఎక్కువగా చూసే తప్పు ‘సిన్స్ లాంగ్ టైమ్’. ‘చాలా కాలం నుంచి’లోని ‘నుంచి’ని ‘సిన్స్’గా మార్చేస్తాం. ఇంగ్లీషులో ‘సిన్స్’ వెనక ఒక మొదలు ఉండాలి. 2019, సోమవారం, పెళ్ళయిన రోజు, ఏదో ఒక మేకు లాంటిది. ‘చాలా కాలం’ మేకు కాదు, తాడు. తాడుకి ‘ఫర్’ కావాలి. ‘ఫర్ ఎ లాంగ్ టైమ్’.

ఫోన్‌లో ఎవరైనా ‘ఈజ్ దిస్ ఎ బ్యాడ్ టైమ్?’ అంటే మనం కంగారు పడిపోతాం. మన బుర్రలో ‘బ్యాడ్ టైమ్’ అంటే గ్రహచారం, శని. ఆ మనిషి అడుగుతున్నది మాత్రం ‘ఇప్పుడు మాట్లాడొచ్చా, పనిలో ఉన్నారా?’ అని. ఇక్కడ టైమ్ అంటే వేళ. వేళ లెక్కకి అందుతుంది కాబట్టి ‘ఎ’ వచ్చింది. ‘లెట్స్ ఫిక్స్ ఎ టైమ్’ అన్నా అదే. అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడే ప్రతి ఇంట్లో ఈ వేళ కుదుర్చుకోవడం ఒక యజ్ఞం. న్యూయార్క్‌కీ మనకీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా, వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకున్నాక పదిన్నర. ‘వాట్ టైమ్ వర్క్స్ ఫర్ యు?’ అంటే సరిపోతుంది. ముందు ‘ఎట్’ పెట్టినా తప్పేం లేదు, మాట్లాడేటప్పుడు ఎవరూ పెట్టరు.

గడియారం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ‘టైమెంత?’లో ఉన్న ‘ఎంత’ను పట్టుకుని ‘హౌ మచ్ టైమ్ ఈజ్ ఇట్?’ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ‘హౌ మచ్’ అంటే కొలత. గడియారంలో చూపు ఒక బిందువు మీద పడుతుంది, కొలత మీద కాదు. ‘వాట్ టైమ్ ఈజ్ ఇట్?’ లేదా ‘వాట్స్ ది టైమ్?’. ఎంతసేపు పడుతుందని అడగాలంటే ‘హౌ మచ్ టైమ్ విల్ ఇట్ టేక్’ తప్పు కాదు గానీ, వాళ్ళ నోట ‘హౌ లాంగ్ విల్ ఇట్ టేక్’ అనే వస్తుంది.

సారి లెక్కలు

‘సారి’ని లెక్కపెట్టడం అందరికీ తెలుసు. మూడుసార్లు ‘త్రీ టైమ్స్’, పదిసార్లు ‘టెన్ టైమ్స్’. ఒకసారికి, రెండుసార్లకి మాత్రం విడిగా ‘వన్స్’, ‘ట్వైస్’ ఉన్నాయి కాబట్టి ‘టూ టైమ్స్’ అనాల్సిన పని ఉండదు. మూడుసార్లకు ‘థ్రైస్’ మన ఊళ్ళలో బాగానే నడుస్తోంది. ఇంగ్లండ్, అమెరికాల్లో మాట్లాడేటప్పుడు అది తాతలనాటి మాటలా వినిపిస్తుంది.

కొలిచే టైమ్‌కీ లెక్కపెట్టే టైమ్‌కీ ఉన్న గీత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ‘లెస్ టైమ్’ అంటే తక్కువ సమయం, ‘ఫ్యూయర్ టైమ్స్’ అంటే తక్కువసార్లు. ‘హౌ మచ్ టైమ్’ అంటే ఎంత సమయం, ‘హౌ మెనీ టైమ్స్’ అంటే ఎన్నిసార్లు. పిల్లల్ని కోప్పడేటప్పుడు ‘ఎన్నిసార్లు చెప్పాలి?’ని ఇంగ్లీషులోకి మార్చబోయి ‘హౌ మచ్ టైమ్స్’ అనేస్తారు. కోపంలో వ్యాకరణం ఎవరికి గుర్తుంటుంది లెండి.

తికమక పెట్టేది ‘మొదటిసారి’. నేను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి అనడానికి మనం ‘దిస్ ఈజ్ ది ఫస్ట్ టైమ్ ఐ యామ్ కమింగ్ హియర్’ అంటాం. వచ్చి నిలబడ్డాం కదా, రావడం ఇప్పుడే జరిగింది కదా అని మన తర్కం. ఇంగ్లీషు తర్కం వేరు. ‘ఫస్ట్’ అన్నావంటే ఇప్పటిదాకా గడిచిన బతుకునంతా వెనక్కి తిరిగి చూసి, అందులో ఇది మొదటిది అని లెక్క చెప్తున్నావు. గతాన్నీ ఇప్పటినీ కలిపి చూసే చూపుకి వాళ్ళ దగ్గర ఉన్నది ‘హ్యావ్’. అందుకే ‘దిస్ ఈజ్ ది ఫస్ట్ టైమ్ ఐ హ్యావ్ కమ్ హియర్’. కథ గతంలోకి జరిగితే ‘ఇట్ వాజ్ ది ఫస్ట్ టైమ్ షి హ్యాడ్ సీన్ ది సీ’. ఆమె సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. ఈ ఒక్కటి పట్టుబడితే ఇంటర్వ్యూలో బెరుకు కొంత తగ్గుతుంది.

‘ఈసారి’, ‘పోయినసారి’, ‘వచ్చేసారి’, ‘ప్రతిసారీ’ అన్నవాటికి ముందు ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు. ‘దిస్ టైమ్’, ‘లాస్ట్ టైమ్’, ‘నెక్స్ట్ టైమ్’, ‘ఎవ్రీ టైమ్’. తెలుగులో కూడా వాటికి విభక్తి అంటించం కదా, కాబట్టి ఇది సులువే. తంటా ‘ఆ టైములో’ దగ్గర వస్తుంది. ‘దట్ టైమ్ ఐ వాజ్ ఇన్ వరంగల్’ అనేస్తాం. ఇక్కడ ఉన్నది సారి కాదు, సమయం. తెలుగులో ‘లో’ ఉంది చూడండి. ఆ ‘లో’కి బదులుగా ‘ఎట్’ రావాలి. ‘ఎట్ దట్ టైమ్’. అంతకంటే ‘దెన్’ అనేస్తే ఇంకా సుఖం.

‘ఈపాటికి’ అనే మాట నాకు చాలా ఇష్టం. దానికి సరిపోయే ఇంగ్లీషు లేదని చాలా రోజులు అనుకున్నాను. ఉంది. ‘రేపు ఈపాటికి నేను బెజవాడలో ఉంటాను’ అంటే ‘దిస్ టైమ్ టుమారో ఐ విల్ బి ఇన్ విజయవాడ’. ‘వాడు ఈపాటికి చేరి ఉంటాడు’లోది మాత్రం వేరే, దానికి ‘బై నౌ’. మన ఒక మాట అక్కడ రెండుగా చీలడం ఇలా అరుదుగా జరుగుతుంది. మామూలుగా అయితే మన పది మాటలు వాళ్ళకి ఒక్కటి.

‘దఫా’ సంగతి మందుల చీటీ దగ్గర కాస్త జాగ్రత్తగా చూడాలి. ‘టూ టాబ్లెట్స్ ఎట్ ఎ టైమ్’ అంటే ఒక దఫాకి రెండేసి. ‘ఎట్ టైమ్స్’ అంటే అప్పుడప్పుడు. ‘ఎట్ వన్ టైమ్’ అంటే చాలామటుకు ఒకప్పుడు అని. ‘వన్ ఎట్ ఎ టైమ్’ అంటే ఒక్కొక్కరే రండి, తోసుకోకండి అని. అక్షరాలు అటూ ఇటూ అయితే మాత్రలు కూడా అటూ ఇటూ అవుతాయి.

రెట్లు, ఎక్కాలు

చిన్నప్పుడు మీరు ఇంగ్లీషు మీడియంలో చదివి ఉంటే ఈ పాట నోటికి వచ్చే ఉంటుంది: ‘టూ వన్ జా టూ, టూ టూ జా ఫోర్’. ఈ ‘జా’ ఏమిటని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. అది ‘టూ వన్స్ ఆర్ టూ, టూ టూస్ ఆర్ ఫోర్’. రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్ళు నాలుగు. ‘వన్స్ ఆర్’లో చివరి అక్షరమూ ‘ఆర్’ కలిసి తరగతి గది గోలలో ‘జా’ అయింది. నిజానికి అది మన ఎక్కానికి అచ్చు జోడీ. గుణకారం గుర్తును ‘టైమ్స్’ అని చదవడం ఇంకో పద్ధతి. ‘టూ టైమ్స్ త్రీ ఈజ్ సిక్స్’ అంటే మూడుని రెండుసార్లు వేసుకుంటే ఆరు. ‘సారి’ అనే అర్థమే ‘రెట్టు’గా మారిన చోటు ఇదే.

రెట్ల దగ్గర ఒక పెద్ద గుంట ఉంది. నిరుడు వంద మంది వచ్చారు, ఈ ఏడు ‘త్రీ టైమ్స్ మోర్’ వచ్చారంటే ఎంతమంది? మూడు వందలు అనేవాళ్ళున్నారు. ‘మోర్’ అన్నాడు కాబట్టి వందకి పైన ఇంకో మూడు వందలు, మొత్తం నాలుగు వందలు అని పట్టుబట్టేవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషు వాళ్ళలో వాళ్ళకే ఇది తెగలేదు. మన పత్రికల్లో ‘మూడు రెట్లు పెరిగింది’ అన్నప్పుడూ సరిగ్గా ఇదే చిక్కు. ‘మూడు రెట్లయింది’ అంటే మాత్రం అనుమానం లేదు. ఇంగ్లీషులోనూ అలాంటి అనుమానం లేని దారి ఉంది: ‘త్రీ టైమ్స్ యాజ్ మెనీ’. ఆఫీసు రిపోర్టులో అంకెలు రాసేవాళ్ళు ఈ దారే పట్టాలని నా సలహా. ‘త్రీ టైమ్స్ లెస్’ జోలికి అసలు పోవద్దు. ‘మూడు రెట్లు తక్కువ’ అంటే ఏమిటో తెలుగులో కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మూడో వంతు, ‘వన్ థర్డ్’ అంటే గొడవ లేదు.

ఒక చోట ‘ఎస్’ పోతుంది. పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆమె ‘టూ-టైమ్ ఒలింపిక్ మెడలిస్ట్’. ‘టూ-టైమ్స్’ కాదు. నామవాచకం ఇంకో మాటకి విశేషణంగా ముందు నిలబడ్డప్పుడు ఇంగ్లీషులో సాధారణంగా బహువచనం వదిలేస్తుంది. అయిదేళ్ళ పిల్ల ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్’ అయినట్టే. అదే మాటను క్రియ చేసి ‘టూ-టైమింగ్’ అన్నారో, అర్థం పూర్తిగా మారిపోతుంది. ఒకరికి తెలియకుండా ఇంకొకరితో ప్రేమాయణం నడపడం. సింధు గురించి రాస్తూ ఈ పొరపాటు చేయకండి.

ఆటల్లోనే ఇంకో వాడుక. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో దాటింది. ఆ 12.78 ఆమె ‘టైమ్’. ఇక్కడ ‘ఎ గుడ్ టైమ్’ అంటే సరదాగా గడిపిందని కాదు, గడియారం బాగా చూపించిందని. అరకులో ‘ఎ గుడ్ టైమ్’, పరుగుపందెంలో ‘ఎ గుడ్ టైమ్’. మాటలు అవే, సందర్భమే తేడా చెప్పాలి.

రైలూ ప్రయాణికుడూ

‘టైముకి వచ్చాడు’ అని తెలుగులో అంటే రెండు అర్థాలొస్తాయి. చెప్పిన వేళకి వచ్చాడు. అదను తప్పిపోకుండా అందుకున్నాడు. ఇంగ్లీషు వీటిని ‘ఆన్ టైమ్’, ‘ఇన్ టైమ్’ అని విడదీస్తుంది, మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

సికింద్రాబాద్ స్టేషన్లో రైలు ఆరున్నరకి అనుకుందాం. రైలు సరిగ్గా ఆరున్నరకి వచ్చింది. ‘ది ట్రైన్ కేమ్ ఆన్ టైమ్’. పట్టికలో ఉన్న అంకె మీద అది కూర్చుంది, అందుకే ‘ఆన్’. మీరు ఆరూ ఇరవైకి, చెమటలు కక్కుతూ చేరి రైలెక్కారు. మీకు పట్టికలో అంకె లేదు, ఒక గడువు ఉంది. ఆ గడువు లోపల పడ్డారు కాబట్టి ‘ఇన్ టైమ్’. రైలు ‘ఇన్ టైమ్’ రాదు, మీరు ‘ఆన్ టైమ్’ రైలెక్కరు. ఉద్యోగి ఆఫీసుకి ‘ఆన్ టైమ్’ వస్తాడు. ఫైరింజన్ ‘ఇన్ టైమ్’ వస్తే ఇల్లు మిగులుతుంది. ఫైరింజన్‌కి ఎవరూ వేళ చెప్పి పిలవరు.

‘ఇన్ టైమ్’కే ఇంకో అర్థం కూడా ఉంది, పోను పోను అని. ‘యు విల్ అండర్‌స్టాండ్ ఇన్ టైమ్’ అంటే నీకే మెల్లగా అర్థమవుతుందిలే. ‘ఇన్ నో టైమ్’ అంటే చిటికెలో.

ఆన్ టైమ్ గురించి మాట్లాడుతూ మన ‘ఇండియన్ స్టాండర్డ్ టైమ్’ను వదల్లేం. మన గడియారం 1906 జనవరి 1 నుంచి ఈ లెక్కన నడుస్తోంది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకి దగ్గరగా వెళ్తుంది. అంటే దేశమంతా చూసుకునే గంట, కాకినాడ మీది సూర్యుడి గంటకి ఇంచుమించు సమానం. వ్యాకరణం వైపు నుంచి చూస్తే ఈ పేరు ముందు ‘ది’ రాదు. ‘నైన్ పీఎం ఇండియన్ స్టాండర్డ్ టైమ్’, ‘నైన్ ఏఎం ఈస్టర్న్ టైమ్’. ఆలస్యంగా వచ్చినవాడు నవ్వుతూ దాన్ని ‘ఇండియన్ స్ట్రెచబుల్ టైమ్’ అంటాడు. ఆ జోకు కూడా వ్యాకరణం తప్పదు.

కలిపి రాయడం, విడిగా రాయడం మీద ఒక మూడు మాటల ముడి ఉంది. కలిపి, చివర ‘ఎస్’తో ‘సమ్‌టైమ్స్’ అంటే అప్పుడప్పుడు. కలిపి, ‘ఎస్’ లేకుండా ‘సమ్‌టైమ్’ అంటే ఎప్పుడో ఒకప్పుడు: ‘కమ్ హోమ్ సమ్‌టైమ్’, వీలున్నప్పుడు ఇంటికి రండి. విడదీసి ‘సమ్ టైమ్’ అంటే కొంత సమయం: ‘ఐ నీడ్ సమ్ టైమ్’. పైకి చదివితే చివరి రెండూ ఒకేలా ఉంటాయి గనక రాసేటప్పుడే దొరికిపోతాం.

‘వెంట్’ ఎందుకు?

పొద్దుపోయింది, ఇక బయల్దేరదాం అనడానికి ‘ఇట్స్ టైమ్ టు గో’ అంటే సరిపోతుంది. ‘వెళ్ళాల్సిన టైమైంది’కి ఇది బాగా దగ్గర. కానీ టైమ్ వెనక మనిషిని పెడితే క్రియ గతంలోకి దూకుతుంది: ‘ఇట్స్ టైమ్ వుయ్ వెంట్’. ఇంకా వెళ్ళలేదు, అయినా ‘వెంట్’. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. ఇంగ్లీషులో గతకాలం క్రియ కొన్నిసార్లు జరిగిపోయినదాన్ని కాదు, జరగనిదాన్ని చెప్తుంది. ‘ఈపాటికే జరిగి ఉండాల్సింది, ఇంకా కాలేదు’ అన్న చిరాకు అందులో ఉంది. ‘ఇట్స్ హై టైమ్ హి గాట్ మ్యారీడ్’ అంటే వాడికి పెళ్ళయి ఉండాల్సింది, ఇంకా కాలేదు అని దీర్ఘం తీయడం. తెలుగులో ఆ దీర్ఘం గొంతులో వినిపిస్తుంది, వాళ్ళకి క్రియలో వినిపిస్తుంది.

‘వాడి టైము బాగోలేదు’ని మాత్రం మాటకి మాట మార్చకండి. ‘హిజ్ టైమ్ ఈజ్ నాట్ గుడ్’ అంటే, వాడు పరుగుపందెంలో వెనకబడ్డాడని అనుకుంటారు. ‘హి ఈజ్ గోయింగ్ త్రూ ఎ బ్యాడ్ టైమ్’ అనాలి. ఇక ‘వాడికి టైమొచ్చింది’ అని మెచ్చుకోలుగా ‘హిజ్ టైమ్ హ్యాజ్ కమ్’ అంటే వినేవాడు రెండు రకాలుగా తీసుకోవచ్చు. దశ తిరిగిందనీ కావచ్చు, నూకలు చెల్లాయనీ కావచ్చు. ‘హి ఈజ్ డూయింగ్ టైమ్’ అన్నారంటే జైల్లో ఉన్నాడని.

బహువచనంలో ‘టైమ్స్’ సార్లు, రెట్లు కాకుండా ‘కాలం’ అనే అర్థం కూడా ఇస్తుంది. ‘హార్డ్ టైమ్స్’ అంటే కష్టకాలం, ‘ఏన్షంట్ టైమ్స్’ అంటే పురాతన కాలం. లండన్‌లో 1785లో వేరే పేరుతో మొదలైన పత్రిక 1788లో ‘ది టైమ్స్’ అని పేరు మార్చుకుంది. తర్వాత లోకమంతా పత్రికలకి ఈ తోక తగిలించుకుంది. కంప్యూటర్‌లో మనం చూసే టైమ్స్ న్యూ రోమన్ అక్షరాలు కూడా ఆ పత్రిక కోసం చేయించినవే, 1932లో అందులో వాడకంలోకి వచ్చాయి.

‘టైమ్ అండ్ టైడ్ వెయిట్ ఫర్ నో మ్యాన్’ అనే సామెతని మన టీచర్లు కాలమూ కెరటమూ ఎవరికోసమూ ఆగవని చెప్పేవాళ్ళు. బాగుంది గానీ, ఆ ‘టైడ్’కి పాత అర్థం కెరటం కాదు, కాలమే. ‘టైమ్’, ‘టైడ్’ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. మన ‘కాలమూ వేళా’ లాంటి జంట అది. సముద్రం తర్వాత వచ్చి కూర్చుంది.

ఇక ‘టైంపాస్’. రైల్లో ‘టైంపాస్ పల్లీ’ అని అరిచే కుర్రాడి ఇంగ్లీషుని దిద్దాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఇంగ్లీషు వాళ్ళ దగ్గర ‘పాస్’, ‘టైమ్’ కలిపి చేసిన ‘పాస్‌టైమ్’ అనే మాట అయిదారు వందల ఏళ్ళుగా ఉంది. మనం దాన్ని బోర్లా తిప్పాం. అర్థం కూడా కాస్త మార్చాం. వాళ్ళ ‘పాస్‌టైమ్’ తోటపని, చేపలు పట్టడం లాంటి ఇష్టమైన వ్యాపకం. మన ‘టైంపాస్’లో చిన్నచూపు ఉంది, ‘సినిమా టైంపాస్‌గా ఉంది’ అంటే గొప్పగా ఏం లేదని. ‘కాలక్షేపం’ ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. విదేశీ క్లయింటుతో మాత్రం ‘ఐ యామ్ డూయింగ్ టైంపాస్’ అనకండి. అతనికి అర్థం కాదు. అయితే ఇంకా ప్రమాదం.

‘టైమింగ్స్’ కూడా ఈ జాతిదే. బ్యాంకు తలుపు మీద ‘టైమింగ్స్’ అని అంకెలు రాసి ఉంటాయి. ఇంగ్లండ్‌లో అదే తలుపు మీద ‘ఓపెనింగ్ అవర్స్’ అని ఉంటుంది. వాళ్ళకి ‘టైమింగ్’ అంటే అదను పట్టుకునే నేర్పు, మనం కమెడియన్‌ని మెచ్చుకునేటప్పుడు వాడే అర్థం. మన ఊళ్ళో ఈ బోర్డు మార్చాల్సిన అవసరం ఏమీ లేదు, చదివే వాళ్ళందరికీ అర్థమవుతోంది. మా బావమరిదికి మాత్రం ఒకటి చెప్పాను: లండన్ ఆఫీసుకి రాసేటప్పుడు ‘యువర్ టైమింగ్స్’ అనకుండా ‘యువర్ వర్కింగ్ అవర్స్’ అని రాయమని. రాశాడు. పెద్దాయన జవాబులో తన పనిగంటలు చెప్పి, కింద ఒక వాక్యం చేర్చాడట, ‘బై ది వే, హ్యావ్ యు గాట్ ది టైమ్?’ అని.